అమెజాన్ కవచపు చేప

అమెజాన్ నదిలోనూ దాని ఉపనదుల్లోనూ పుట్టి, గత కొన్ని దశాబ్దాల్లో రంగు చేపల వ్యాపారం వెంట ఖండాలు దాటిన మంచినీటి చేప ఇది. శాస్త్రీయ నామం టెరిగోప్లిక్తిస్ పార్డాలిస్. మీసాల చేపల్లో లోరికారిడే అనే కుటుంబానికి చెందింది. దీనికి పొలుసులు ఉండవు, ఒళ్లంతా ఎముక పలకలే. అక్వేరియం దుకాణాల్లో సక్కర్ ఫిష్ అన్నా, ప్లెకో అన్నా ఇచ్చేది ఈ చేపనో, దీని దగ్గర చుట్టాన్నో. కృష్ణా, గోదావరి జిల్లాల చేపల రైతులు మాత్రం దెయ్యం చేప, డెవిల్ ఫిష్ అంటారు. బ్రెజిల్‌లోని మనౌస్‌లో దీని పేరు బొడో, నది దిగువన సాంతారెం ప్రాంతంలో అకరి, పెరూ అడవి పట్టణాల్లో కరచామ. అక్కడి జనం దీన్ని ఇష్టంగా కొనుక్కుని వండుకుంటారు. అక్కడ అంత గిరాకీ ఉన్న చేపను ఇక్కడ గట్టు మీదకు విసిరికొట్టడం ఎందుకో తెలియాలంటే దాని ఒంటి తీరు, అది పుట్టిన నది తీరు రెండూ తెలియాలి.

ఒక అపోహ ముందే తొలగించుకోవాలి. మన దగ్గర క్యాట్‌ఫిష్ చెరువుల మీద అధికారుల దాడులు అని పత్రికల్లో వచ్చే వార్తలు ఈ చేప గురించినవి కావు. ఆ దాడులకు కారణమైన నిషేధం ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అనే క్లారియస్ గారీపినస్‌కు సంబంధించినది. అది మన మార్పు చేపకు దగ్గరి చుట్టం, నున్నటి చర్మం, మాంసాహారి. కవచపు చేపకూ దానికీ మీసాల చేపల క్రమం ఒకటే తప్ప దగ్గరి బంధుత్వం ఏమీ లేదు.

వర్గీకరణ

ఈ రకం చేపలు ఐరోపా శాస్త్రవేత్తలకు మొదట్లో అంతు చిక్కలేదు. సురినామ్ నుంచి వచ్చిన ఒక కవచపు చేపను 1758లో లినేయస్ స్టర్జన్ అనే చేపల కోవలో వేసి అసిపెన్సర్ ప్లెకోస్టోమస్ అని పేరు పెట్టాడు. స్టర్జన్‌కూ ఒంటి మీద ఎముక పలకలు ఉంటాయి కాబట్టి ఆయన అలా అనుకోవడంలో వింతేమీ లేదు. ఇప్పుడు హైపోస్టోమస్ ప్రజాతిలో ఉన్న ఆ చేప దుకాణాల్లో దాదాపు దొరకదు. దాని పేరులోంచి వచ్చిన ప్లెకో అన్న మాట మాత్రం వ్యాపారంలో నిలిచిపోయి, టెరిగోప్లిక్తిస్ చేపలకు కూడా అంటుకుంది.

మన కథలోని జాతిని వర్ణించినవాడు ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ ద కాస్తెల్నో. 1843 నుంచి 1847 వరకు దక్షిణ అమెరికా మధ్య భాగాల్లో తిరిగి సేకరించిన జీవుల వివరాలు ప్రచురిస్తూ, 1855లో దీనికి హైపోస్టోమస్ పార్డాలిస్ అని పేరు పెట్టాడు. తర్వాతి కాలంలో ఇది లైపోసార్కస్ ప్రజాతిలోకి, అక్కడి నుంచి టెరిగోప్లిక్తిస్‌లోకి మారింది. లోరికారిడే కుటుంబంలో సుమారు వెయ్యి జాతులున్నాయి. మీసాల చేపల్లో ఇంత పెద్ద కుటుంబం మరొకటి లేదు. అన్నీ దక్షిణ అమెరికాకూ, దానికి ఆనుకున్న మధ్య అమెరికా కొసకూ చెందినవే. వేలెడు పొడవు దాటని చారల చేపల నుంచి మూరెడు దాటిన చేపల వరకు అందులో ఉన్నాయి.

చేతిలో ఉన్న చేప ఏ ప్రజాతిదో చెప్పడం తేలిక. వీపు రెక్కలోని మెత్తటి కిరణాలు లెక్కపెడితే చాలు. హైపోస్టోమస్‌లో ఏడు ఉంటాయి, టెరిగోప్లిక్తిస్‌లో తొమ్మిది నుంచి పద్నాలుగు వరకు. చిక్కంతా ప్రజాతి లోపల ఏ జాతో తేల్చడంలో ఉంది. పొట్ట మీద నల్ల మచ్చలు విడివిడిగా ఉంటే పార్డాలిస్. అవి ఒకదానితో ఒకటి కలిసి వంకర గీతలైతే డిస్‌జంక్టివస్. మదీరా నదికి చెందిన ఈ రెండో జాతిని 1991లో క్లాడ్ వెబర్ వర్ణించాడు. వలస వెళ్లిన దేశాల్లో రెండూ కలిసి సంకరమవుతున్నాయి. ఒకే చెరువులో విడి మచ్చల పొట్టలూ, గీతల పొట్టలూ, రెంటికీ మధ్యస్థంగా ఉన్నవీ దొరుకుతాయి. అందుకే ఆసియా దేశాల నివేదికల్లో చాలాచోట్ల జాతి పేరు తేల్చకుండా ప్రజాతి పేరుతోనే సరిపెడతారు. ఈ వ్యాసంలోనూ అమెజాన్ దాటిన తర్వాతి సంగతులు చాలావరకు ప్రజాతి మొత్తానికి వర్తిస్తాయి.

ఒంటి తీరు

పెరిగిన చేప 40 సెంటీమీటర్ల పైన ఉంటుంది. గోధుమ రంగు ఒళ్లంతా నల్ల మచ్చలు, తల మీద గీతలు గీసినట్టు కోణాకార నమూనాలు. అడుగు భాగం బల్లపరుపు, వీపు గుండ్రం. తల వైపు నుంచి తోక వైపుకు చెయ్యి రాస్తే పెద్దగా తెలియదు కానీ, తోక వైపు నుంచి పైకి రాస్తే ఆకురాయి మీద రాసినట్టు ఉంటుంది. పలకల మీద నిండా సన్నటి ముళ్లుండటమే కారణం. ఆ ముళ్లు మామూలు ముళ్లు కావు. మన పళ్లలో ఉండే డెంటిన్ అనే పదార్థమే వాటిలోనూ ఉంటుంది, పుట్టుక కూడా పళ్ల మాదిరే. అంటే ఈ చేప చర్మం మీద కూడా పళ్లు మొలిచాయని చెప్పవచ్చు. బెదిరినప్పుడు వీపు రెక్క ముల్లునూ, రెండు పక్కల రెక్కల ముళ్లనూ నిటారుగా లేపి బిగించేస్తుంది. అప్పుడు దాన్ని కన్నంలోంచి లాగడం గానీ, వల కళ్లలోంచి విడదీయడం గానీ మాటలు కాదు. పక్క రెక్క ముల్లును కీలులో రాపిడి చేసి కిర్రుమనే శబ్దం కూడా చేస్తుంది.

నోరు తలకు అడుగున ఉంటుంది. వెడల్పాటి పెదవులు గుండ్రంగా విచ్చుకుని రాయికో, మొద్దుకో, గాజు గోడకో అతుక్కుంటాయి. ఆ పట్టుతో ప్రవాహంలో కొట్టుకుపోకుండా నిలబడి, సన్నటి పళ్ల వరసలతో నాచునూ, దాని మీద పేరుకున్న బురద పొరనూ గీకి తింటుంది. అతుక్కుని ఉండగానే ఊపిరి కూడా తీసుకోగలదు. తిండిలో సారం తక్కువ కాబట్టి పేగు చాలా పొడవు, చుట్లు చుట్లుగా పొట్ట నిండా ఉంటుంది. మన పత్రికల్లో ఇది మిగతా చేపలన్నిటినీ వేటాడి మింగేస్తుందని రాస్తున్నారు. దీని నోరూ పళ్లూ చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. అడుగున అంటుకున్న ఇతర చేపల గుడ్లను బురదతో పాటు మింగవచ్చు, చచ్చిన చేపను గీకి తినవచ్చు. ఈదే పిల్లను తరిమి పట్టే సాధనం దీనికి లేదు. ఇది చేసే నష్టం వేరే దారుల్లో ఉంది.

కన్ను కూడా చిత్రమైనదే. నల్లగుడ్డు మీదికి పైనుంచి ఒక చిన్న తెర దిగుతుంది. పగటి వెలుగులో తెర విప్పుకుని కాంతిని తగ్గిస్తుంది, చీకట్లో ముడుచుకుంటుంది. ఇది రాత్రి తిరిగే చేప, పగలు కన్నాల్లోనో మొద్దుల కిందో ఉంటుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది దీని ఊపిరి. మొప్పలు ఉన్నాయి, మంచి నీటిలో వాటితోనే బతుకుతుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు ఒక్క ఉదుటున పైకి వచ్చి గాలి మింగి మళ్లీ అడుగుకు పోతుంది. మింగిన గాలి జీర్ణాశయంలోకి చేరుతుంది. ఆ సంచి గోడ పల్చగా, రక్తనాళాలతో నిండి ఉంటుంది కాబట్టి గాలిలోని ప్రాణవాయువు నేరుగా రక్తంలో కలుస్తుంది. తిండి అరిగే చోటే ఊపిరితిత్తి పని కూడా జరుగుతుందన్నమాట. ఒంటికి తడి ఉంటే నీరు లేకుండా ఒక రోజు పైగా బతుకుతుంది. నేల మీద వేస్తే నోటితో, పక్క ముళ్లతో, తోకతో కొద్దికొద్దిగా పాకుతుంది కూడా. ఉప్పు నీటిని సైతం కొంత తట్టుకుంటుంది. లీటరుకు 10 గ్రాముల ఉప్పున్న నీటిలో పది రోజులున్నా పెద్దగా చావలేదని మెక్సికోలో చేసిన పరీక్షల్లో తేలింది. సముద్రపు నీటిలో ఉప్పు సుమారు 35 గ్రాములు. చలి ఒక్కటే దీనికి పడదు. నీరు 10 డిగ్రీల దరిదాపులకు దిగితే బతకదు. మన దగ్గర నీరు అంత చల్లబడే రోజు రాదు.

పుట్టిన నది

అమెజాన్ ఏటా పొంగుతుంది. మనౌస్ దగ్గర ఎండాకాలపు మట్టానికీ వరద మట్టానికీ తేడా సుమారు 10 మీటర్లు. వరద కాలంలో నది గట్లు దాటి అడవిలోకి వెళ్లి, చెట్ల కొమ్మల ఎత్తున నెలల తరబడి నిలుస్తుంది. బురద నీరు పారే ఈ ముంపు భూముల్ని అక్కడ వర్జియా అంటారు. నీరు తీసేటప్పుడు లోతట్టు భూముల్లో లెక్కలేనన్ని మడుగులు మిగులుతాయి. ఎండకు అవి కాగి, కుంచించుకుపోయి, ఆకులు కుళ్లి ప్రాణవాయువు అడుగంటుతుంది. మొప్పలే దిక్కైన చేపలు అక్కడ చచ్చి తేలుతాయి. గాలి మింగగల కవచపు చేప మిగులుతుంది. ఆ మడుగుల చుట్టూ మొసళ్ల జాతికి చెందిన కైమన్లు, కొంగలు, పెద్ద నీటికుక్కలు కాచుకుని ఉంటాయి కాబట్టి కవచం, బిగుసుకునే ముళ్లు కావాలి. ఈ చేపలో మనకు మొండితనంగా కనిపించే ప్రతి లక్షణమూ ఆ వరదా ఆ ఎండా కలిసి తయారుచేసినదే.

గుడ్లు పెట్టే పద్ధతి కూడా అటువంటిదే. మగ చేప మెత్తటి మట్టి గట్టులోకి సొరంగం తవ్వుతుంది. లోతు ఇంచుమించు ఒక మీటరు, ద్వారం ముక్కోణపు ఆకారం. ఆడది లోపల గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. వాటి సంఖ్య వందల నుంచి రెండు మూడు వేల వరకు ఉంటుంది. శీలావతి లాంటి చేప లక్షల్లో గుడ్లు పెడుతుంది, దానితో పోలిస్తే ఇది చాలా తక్కువ. అయితే శీలావతి గుడ్లను నీటికి వదిలేస్తుంది, ఇక్కడ తండ్రి కాపలా ఉంటాడు. గుడ్లు పగిలి పిల్లలు బయటికి వచ్చేదాకా ద్వారం దగ్గరే ఉండి రెక్కలతో నీరు ఆడిస్తాడు. అందువల్ల పెట్టిన గుడ్లలో పిల్లలయ్యేవి ఎక్కువ. నీటి మట్టం పడిపోయి కన్నం బయటపడినా లోపలి తడిలో చేప చాలాకాలం ప్రాణాలతో ఉంటుంది.

బొడో కూర, పిరకూయి

మనౌస్ బజారులో ఈ చేపను బతికుండగానే అమ్ముతారు. నీటి బయట రోజంతా బతికే చేపకు ఐసు అక్కర్లేదు, తాజాదనం గురించి బేరమూ అక్కర్లేదు. కవచాన్ని పచ్చిగా ఉన్నప్పుడు ఒలవడం కష్టం కాబట్టి చాలామంది నిప్పుల మీద కవచంతోనే కాల్చి, పెంకు విప్పి మాంసం తింటారు. కూరగా వండినప్పుడూ పులుసులో ముక్కలు పెంకుతోనే ఉడుకుతాయి. పెరూలోని ఇక్విటోస్, పుకాల్పా పట్టణాల్లో కరచామ చారు పేరున్న వంటకం.

సాంతారెం పరిసరాల్లో చేసే పిరకూయి మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పట్టిన అకరిలను కాల్చి, పెంకూ ముళ్లూ పేగులూ తీసేసి, మాంసాన్ని చేత్తో చిదుముతారు. కర్రపెండలం పిండి వేయించే పెద్ద పెనం మీద దాన్ని పోసి, అడుగంటకుండా ఆపకుండా కలుపుతూ తడి మొత్తం పోయేదాకా వేయిస్తారు. చివరికి పొడిపొడిగా రాలే చేప పిండి మిగులుతుంది. అది నెలల తరబడి నిల్వ ఉంటుంది. బంగాళాదుంపతో కలిపి ఉండలు చేసి నూనెలో వేయించుకుంటారు. శీతల గిడ్డంగులు లేని కాలంలో, వరదలొచ్చి వేట సాగని నెలల్లో, నది ఒడ్డు కుటుంబాలకు ఆ పిండే చేప కూర. ఈ చేపకు ఇంతకన్నా మంచి ఉపయోగం మరెక్కడా ఎవరూ కనిపెట్టలేదన్నది నా అభిప్రాయం.

దేశాలు పట్టిన దారి

గాజు తొట్టిలో నాచు శుభ్రం చేస్తుందన్న పేరే దీన్ని ప్రపంచమంతా తిప్పింది. ఇప్పుడు దుకాణాలకు వచ్చే పిల్లల్లో ఎక్కువ భాగం అమెజాన్‌లో పట్టినవి కావు, ఆగ్నేయాసియాలోనూ ఫ్లోరిడాలోనూ చెరువుల్లో పెంచినవి. కొన్నప్పుడు వేలెడు పొడవుంటుంది, ధర తక్కువ. రెండు మూడేళ్లకు మూరెడు అవుతుంది. అడ్డం తిరగడానికి చోటు చాలదు, మొక్కలు పెకలిస్తుంది, మోయలేనంత మలం పోస్తుంది. చంపడానికి చేతులు రావు. యజమాని దాన్ని బకెట్లో పెట్టుకుని దగ్గరున్న చెరువుకో కాలువకో పోతాడు.

మెక్సికోలోని బాల్సాస్ నదీ వ్యవస్థలో ఇది మొదటిసారి 1995లో కనిపించింది. అదే నది మీద ఎల్ ఇన్ఫియెర్నీయో అనే పెద్ద జలాశయం ఉంది. తిలాపియా చేపల వేటకు దేశంలోనే పేరున్న చోటు. కొన్నేళ్లలో అక్కడి వలల్లో కవచపు చేపలే అధికమయ్యాయి. ముళ్లకు వలలు చిరిగాయి, తిలాపియా పడిపోయింది, వేల కుటుంబాల ఆదాయం దెబ్బతింది. దెయ్యం చేప అన్న పేరు స్పానిష్‌లోనూ పుట్టింది. మత్స్యకారుల బాధ తీర్చడానికి దీన్ని చేపల మేతగా, ఎరువుగా మార్చే ప్రయత్నాలు అక్కడ ఇప్పటికీ సాగుతున్నాయి.

దక్షిణ మెక్సికోలోని చాకమాష్ నదిలో క్రిస్టా కాప్స్, అలెగ్జాండర్ ఫ్లెకర్ అనే పరిశోధకులు చేసిన పని 2013లో వెలువడింది. ఈ చేప చేసే హాని లోతు దాన్ని చదివితేనే తెలుస్తుంది. ఎముకల్లో భాస్వరం ఎక్కువ. ఒళ్లంతా ఎముకైన చేప తాను తిన్న భాస్వరాన్ని కవచంలో దాచుకుంటుంది. అసలే భాస్వరం కొరత ఉన్న ఆ నదిలో వేల చేపలు అలా దాచుకుంటే నాచుకూ, దాని మీద బతికే పురుగులకూ, వాటి మీద బతికే చేపలకూ కరువే. మరోవైపు పగటిపూట ఇవి గుంపుగా చేరిన చోట విసర్జించే నత్రజని ఆ కొద్ది మేరలో నీటి రసాయనాన్నే మార్చేస్తుంది. ఎవరినీ కొరకకుండానే ఒక చేప నదిని మార్చగలదని ఆ పరిశోధన చూపింది.

ఫ్లోరిడాలోని బ్లూ స్ప్రింగ్ ఊటలో చలికాలం తలదాచుకునే మనాటీలనే నీటి జంతువుల ఒంటికి ఇవి అతుక్కుని నాచు గీకుతుంటాయి. విశ్రాంతి తీసుకోవాల్సిన ఆ పెద్ద జంతువులు విసిగి అటూ ఇటూ దొర్లుతూ బలం ఖర్చు చేసుకుంటాయి. ప్యూర్టోరికోలో గూడబాతులు దీని దగ్గర చుట్టమైన చేపను మింగబోయి, ముళ్లు గొంతులో బిగుసుకుని చనిపోయాయి. ఫిలిప్పీన్స్‌లో లగునా సరస్సు, మరికినా నది దీనికి నెలవయ్యాయి, అక్కడి గట్లలో కన్నాలే కన్నాలు. మలేసియా, ఇండోనేసియా నగరాల మురుగు కాలువల్లో మిగతా చేపలు పోయినా ఇది మిగిలింది. అటువంటి నీటిలో పట్టిన చేపలో సీసం వంటి లోహాలు చేరే ప్రమాదం ఉంది కాబట్టి అమెజాన్‌లో తింటున్నారు కదా అని ఊరి మురుగు కాలువలో దొరికినదాన్ని వండుకోకూడదు.

మన చెరువుల్లో

భారతదేశంలో కేరళ, తమిళనాడు, పశ్చిమ బెంగాల్, బిహార్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఈ ప్రజాతి స్థిరపడింది. తూర్పు కోల్‌కతా చిత్తడి నేలల చేపల చెరువుల్లో ఇది భారంగా మారిందని భారత వ్యవసాయ పరిశోధన మండలి శాస్త్రవేత్తలు నమోదు చేశారు. 2020లో వారణాసి దగ్గర గంగలో పట్టుబడి వార్తల్లోకెక్కింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన లాకోన్స్ ప్రయోగశాల దీని ఆచూకీ పట్టుకోవడానికి కొత్త దారి తీసింది. చేప ఒంటి నుంచి రాలే కణాల డీఎన్‌ఏ నీటిలో మిగులుతుంది. ఒక సీసాడు నీరు తీసి పరీక్షిస్తే చాలు, వల వేయకుండానే చేప ఉందో లేదో తెలుస్తుంది. ఆ పద్ధతిలో చూస్తే తూర్పు కనుమల్లోని నీటి వనరుల్లో దాదాపు 60 శాతానికి ఇది పాకిందని 2024లో వెల్లడించారు. రాత్రి తిరిగి, పగలు దాక్కునే చేప ఎంత మేర కమ్ముకుందో కళ్లతో చూసి అంచనా వెయ్యలేం కాబట్టి ఈ పరీక్ష చాలా విలువైనది.

చేపల రైతుకు నష్టం మూడు వైపుల నుంచి వస్తుంది. శీలావతికీ బొచ్చెకూ వేసిన మేతలో అడుగుకు చేరినదంతా ఇది తినేస్తుంది. పట్టుబడి రోజున లాగుడు వల కళ్లలో ముళ్లు బిగించుకుని వలను చింపుతుంది. విడదీసేలోగా మంచి చేప నలిగిపోతుంది, కూలీల చేతులు గీసుకుపోతాయి. ఇంతా చేసి దీన్ని కొనేవాడు లేడు. మూడోది గట్టు. మన చేపల చెరువులన్నీ మట్టి గట్లే. మీటరు లోతు కన్నాలు పక్కపక్కనే పడితే నీరు తీసినప్పుడు గట్టు జారుతుంది. వేసవిలో చెరువు ఎండగట్టాం, ఇక పీడ వదిలిందని అనుకోవడానికీ లేదు. కన్నాల లోపలి తడిలో చేపలు మిగిలి, కొత్త నీరు పెట్టగానే బయటికి వస్తాయి. ఎండగట్టినప్పుడు గట్టు చుట్టూ తిరిగి ముక్కోణపు కన్నాలను వెతికి, తవ్వి, చేపను తీసి, మట్టి కూరి పూడ్చాలి. కాలువ నుంచి నీరు పెట్టే తూము దగ్గర సన్న కళ్ల వల కట్టాలి.

పెద్ద నదిలో స్థిరపడ్డ తర్వాత దీన్ని పూర్తిగా తొలగించిన దేశం లేదు. అందుకే ఇంకా చేరని చెరువుల్ని కాపాడుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. ఇంట్లో తొట్టికి మించి పెరిగిన సక్కర్ ఫిష్ ఉంటే దాన్ని చెరువులో గానీ, కాలువలో గానీ, గుడి కోనేటిలో గానీ వదలకండి. కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి. వలలో పడితే గట్టు మీద విసిరేసి వెళ్లిపోకండి, రోజంతా బతికి ఉండి నీటిలోకి మళ్లీ పాకగలదు. చంపి, నీటికి దూరంగా గొయ్యి తీసి పూడ్చండి. కొత్త చోట కనిపిస్తే పొట్ట మీద మచ్చలు కనపడేలా ఒక ఫొటో తీసి మత్స్యశాఖ అధికారికి చేరవేయండి.